తిప్ప మీద మనిషి

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. పొయ్యి దగ్గర మొక్కజొన్న రవ్వ గ్రిట్స్ కలుపుతూ నానమ్మ ఓనా. బల్ల దగ్గర తాత మెరిల్ సాయర్. ఆయనకు ఎదురుగా, కూర్చోకుండా కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డ నాన్న రాయిస్. వరండాలో గాలపు రీళ్లకు నూనె వేసుకుంటున్న జడ్జి హాస్కెల్. ఆయన ఒహాయో నుంచి ఏటా మార్చిలో వచ్చి మూడు రోజులు తాత పడవలో చేపలు పడతాడు, ఇది ఇరవై రెండో ఏడు. అయిదోది కొరిన్. పదహారేళ్ల పిల్ల. వంటగదికీ వరండాకీ మధ్య గడప మీద కూర్చుని రొయ్యల వలకు చిరుగులు కుడుతోంది. అమ్మ మయామీలో పిన్ని కాన్పుకు వెళ్లింది.

"ఇదే చివరిసారి చెప్పడం నాన్నా," అన్నాడు రాయిస్, వరండాలోకి వినబడకుండా గొంతు తగ్గించి. "మూడు రోజులు. ఎక్కడా తగలకుండా ఆయన్ని తీసుకెళ్లి తీసుకొచ్చావా, ఈ ఏడాదంతా పడవ నీదే. నేను నోరెత్తను. ఒక్కచోట తిప్ప ఎక్కించావా, తాళంచెవి నా చేతిలో పెట్టాలి."

"నలభై ఏడేళ్లలో ఎక్కడైనా ఎక్కించానా?"

"నలభై ఏడేళ్లూ నీకు కళ్లున్నాయి."

నానమ్మ గరిటెతో గిన్నె అంచు మీద ఒక్కటి కొట్టింది. "తినేటప్పుడు ఎందుకురా ఆ మాటలు."

తాత చూపు నడిమధ్యలో పోయింది. అంచులు మిగిలాయి. అందుకే ఎవరినైనా చూడాలంటే కొంగలా ముఖం పక్కకు తిప్పి చూస్తాడు. మయామీ డాక్టరు చెప్పిన సంగతి ఇంట్లో వాళ్లకు తప్ప రేవులో ఎవరికీ తెలియదు. జడ్జిగారికి అసలే తెలియదు.

తాత ఫోర్కుతో వేపుడు చేప ముక్క అందుకోబోయి ఆగాడు. పళ్లేనికి ముందు నుంచి ఏదో దాటిపోతున్నట్టు, అది పోయేదాకా చెయ్యి గాల్లోనే ఉంచాడు. తర్వాత ముక్క తీసుకుని తిన్నాడు. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, నానమ్మ పొయ్యి వైపు తిరిగి ఉంది. చూసింది కొరిన్ ఒక్కతే.

"రేపట్నుంచి నువ్వు తాతతో వెళ్తున్నావు," అన్నాడు రాయిస్ ఆమె వైపు తిరిగి. "తాతకి మణికట్టు నొప్పి, సాయానికి నువ్వు వస్తున్నావని జడ్జిగారికి చెప్పాం. పడవ పరుగులో ఉన్నప్పుడు తాత వెనకాలే నిలబడు. దారి గుర్తుకొయ్య ఎడమన వస్తే వీపు మీద ఒకసారి తట్టు. కుడిన వస్తే రెండుసార్లు. నోరు తెరవక్కర్లేదు."

"దానికి వచ్చిన పనే అది," అంది నానమ్మ.

అందరూ నవ్వారు, తాత కూడా. కొరిన్ సూది వలలోకి దించింది.

మొదటి రోజు ఏడింటికి రేవులో పడవ తాడు విప్పారు. జడ్జిగారు సంచి విప్పి లోపలికి చూసుకుని తల పట్టుకున్నాడు. "మా ఆవిడ మళ్లీ అరటిపండు పెట్టింది కెప్టెన్."

"ఒడ్డు మీదకి విసిరేయండి జడ్జిగారూ. పడవలో అరటిపండు ఉంటే చేప మొహం చూపించదు. పండు దిగకపోతే మీరు దిగండి."

"ఇరవై రెండేళ్ల నుంచి దించుతూనే ఉన్నారు."

"మీ ఆవిడా ఇరవై రెండేళ్ల నుంచి పెడుతూనే ఉంది. మీరు తిరిగి రాకూడదని ఆవిడ మొక్కు."

పండు రేవు మీద పడింది. జడ్జిగారు చెవుల్లో దూది పెట్టుకున్నాడు, ఆయనకు ఇంజను మోత పడదు. కొరిన్ తాత వెనక నిలబడి తట్టింది. ఒకసారి. రెండుసార్లు. రెండుసార్లు. తాత చక్రాన్ని ఆమె చెయ్యి ఆనకముందే తిప్పుతున్నట్టు అనిపించింది. మూడో కొయ్య దగ్గర కావాలని తట్టకుండా ఆగి చూసింది. పడవ తనంతట తనే తిరిగింది.

మడచెట్ల దీవుల అవతల నీళ్లు పిక్కల్లోతుకు తగ్గాయి. తాత ఇంజను ఆపి, పైకి ఎత్తి, దాని మీద బిగించిన చిన్న మంచె ఎక్కాడు. పద్దెనిమిది అడుగుల గెడను బురదలో ఆనించి, చేతులు ఒకదాని మీద ఒకటి మార్చుకుంటూ నెట్టాడు. చప్పుడు లేదు. పడవ కింద గడ్డి ఒక వైపుకు వాలి, మళ్లీ లేస్తోంది. జడ్జిగారు ముందు భాగంలో సన్నటి గాలపు కర్రతో నిలబడ్డాడు. దానికి ఎక్కించిన దారం తలవెంట్రుకకన్నా కాస్త లావు, అంతే. బోన్‌ఫిష్ పిరికిది. లావు దారం నీళ్ల మీద పడితే చాలు, ఆ చప్పుడుకే పారిపోతుంది.

"పదిగంటల దిక్కు," అన్నాడు తాత మంచె మీది నుంచి. పడవ ముక్కు పన్నెండు, మిగతావి గడియారంలోలాగే లెక్క. "నలభై అడుగులు. రెండున్నాయి. మన వైపే వస్తున్నాయి."

జడ్జిగారు విసిరాడు. గాలానికి గుచ్చిన రొయ్య ఎండుటాకులా నీళ్లను తాకింది.

"కదపకండి. కదపకండి. పెద్దది చూసింది. కొంచెం లాగండి... ఆగండి. ముక్కు ఆనించింది." కొరిన్ పడవ అంచు మీంచి వంగి చూసింది. "అబ్బా. తిరిగింది. పోయింది."

"ఎంత దగ్గరికి వచ్చింది!" అన్నాడు జడ్జిగారు.

కొరిన్ నల్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని చూసింది. గడ్డి ఉంది. సగం విరిగిన గవ్వ ఉంది. దాని మీది గీతలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నాయి నీళ్లు. బెదిరిన చేప తోకతో బురద లేపి పోతుంది, పొగలాంటి ఆ మరక కాసేపు నీళ్లలో నిలుస్తుంది. అక్కడ మరక లేదు.

ఆ పొద్దున తాత పదకొండుసార్లు చేపను చూపించాడు. పదకొండుసార్లూ ఆమెకు గడ్డే కనిపించింది. పన్నెండోసారి, "ఒంటిగంట దిక్కు, ముప్ఫై అడుగులు," అన్నాడు. అక్కడా ఏమీ లేదు. జడ్జిగారు విసిరాడు. కర్ర విల్లులా వంగింది, రీలు కీచుమంది, దారం నూరు గజాలు నీళ్లను కోసుకుంటూ పోయింది.

పది నిమిషాల తర్వాత జడ్జిగారు చేపను పడవ పక్కన, నీళ్లలోనే పట్టుకుని ఎత్తి చూపించాడు. అద్దంలాంటి ఒళ్లు, నల్లటి కన్ను. గాలం తీసి వదిలేశాడు. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. తాత మాత్రం మంచె మీద నుంచి చేప వైపు చూడలేదు. ఇంకెక్కడో నీళ్ల వైపు ముఖం తిప్పి ఉన్నాడు.

"ఇది నేను చూపించింది కాదు," అన్నాడు మెల్లగా. "దాని తోక చిరిగి ఉంది. అదింకా అక్కడే ఉంది."

రెండో రోజుకి జడ్జిగారికి కూడా కనిపించసాగాయి. "చూశాను కెప్టెన్, చూశాను! ఎడమది పెద్దది!" అనేవాడు. తాత, "అదే, దానికే వెయ్యండి," అనేవాడు. ఇద్దరూ ఒకేచోటికి చూస్తూ, ఒకేసారి ఊపిరి బిగబట్టి, ఒకేసారి వదిలేవారు. వాళ్ల మధ్య మంచుపెట్టె మీద కూర్చున్న కొరిన్‌కి ఇంట్లో అందరూ వింటున్న పాట తనకొక్కదానికే వినబడనట్టు ఉంది. ఒకసారి నిజంగానే రెండుగంటల దిక్కున ఒక చేప, తలకిందుగా గడ్డిలో తవ్వుతూ, తోక నీళ్ల పైకి తీసింది. ఎండలో ఆ తోక చెంచాలా మెరిసింది. మాట గొంతుదాకా వచ్చింది. తాత అప్పుడు పదిగంటల దిక్కు చూపిస్తున్నాడు. ఇద్దరూ ఎంత తదేకంగా చూస్తున్నారంటే, ఆ మాట బయటికి రాలేదు. తోక మునిగిపోయింది.

మధ్యాహ్నం మడచెట్ల నీడన పడవ ఆపి, గెడను బురదలో పాతి కట్టేశారు. నానమ్మ పెట్టిన క్యూబా రొట్టె, జామపండు హల్వా తిన్నాక జడ్జిగారు దూది మళ్లీ చెవుల్లో పెట్టుకుని, టోపీ ముఖం మీదకి లాక్కుని, పడవ ముందు భాగంలో వెల్లకిలా పడుకున్నాడు. రోజూ ఆయన అలవాటది. గురక మొదలయ్యాక తాత మంచె దిగి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నీకు కనబడ్డం లేదు కదూ?"

కొరిన్ తల ఊపింది. ఊపితే ఆయనకు తెలుస్తుందో లేదో అనిపించి, "లేదు తాతా," అంది.

"డాక్టరు చెప్పాడులే. కన్ను ఖాళీగా ఉండలేదట. పోయినచోట తనకు నచ్చింది పెట్టుకుంటుందట. కొందరికి పూలు, కొందరికి ముఖాలు. నాకు చేపలు." ఆయన ముఖం పక్కకు తిప్పి ఆమెను చూశాడు. "వంటింటి గోడ మీద ఈదితే అబద్ధమని తెలుస్తుంది పిల్లా. బల్ల మీద ఈదినా తెలుస్తుంది, అయినా వాటిని పొడవబుద్ధి కాదు. నీళ్లలో ఈదితే మాత్రం ఎలా తెలుసుకోను?"

"జడ్జిగారికి చెప్పకూడదా?"

"ఏమని? నలభై ఏడేళ్లలో ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదనా?" నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. "చేప సంగతి అబద్ధం కావచ్చు. దారి సంగతి కాదు. ఈ అఖాతంలో దారి నాకు కళ్లతో పని లేకుండా తెలుసు. అది మీ నాన్నకి అర్థం కాదు. రేపొక్కరోజు దాటితే ఏడాది పాటు నన్నెవరూ ఒడ్డున కూర్చోబెట్టలేరు. ఒడ్డున నేను ఏం చేస్తాను? గోడ మీద చూస్తూ కూర్చోనా?"

నీటికాకి ఒకటి దగ్గర్లో మునిగి, ఎంతసేపటికీ పైకి రాలేదు.

మూడో రోజు గాలి పూర్తిగా పడిపోయింది. అలాంటి రోజులు మార్చిలో రెండో మూడో ఉంటాయి. నీళ్లకూ ఆకాశానికీ ఒకే పాలరంగు వచ్చి, మధ్యలో గీత చెరిగిపోతుంది. దూరపు దీవులు నేల మీద కాకుండా గాల్లో వేలాడతాయి. కొంగ ఎగిరితే దాని కింద ఇంకో కొంగ తలకిందులుగా ఎగురుతుంది. ఇలాంటి రోజు పడవ నడిపి చేపలు చూపించే గైడ్లు ఎక్కువ మాట్లాడరు. తాత కూడా మధ్యాహ్నం దాకా ఒక్క చేపనూ చూపించలేదు.

"ఏమీ లేవా కెప్టెన్?" అన్నాడు జడ్జిగారు.

"ఉన్నాయి. మరీ ఎక్కువున్నాయి," అన్నాడు తాత. ఆయన గెడ పట్టిన పిడికిళ్లు తెల్లబడి ఉన్నాయి. "దేనికి వెయ్యమని చెప్పను?"

మూడు గంటలకు తిరుగుదారి పట్టారు. ఆటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తున్నాయి. రేవుకు చేరాలంటే సారా తిప్పను దాటాలి. అది మైలు పొడవున బురద, దాని మీదుగా రెండు వరుసల కొయ్యలు నాటిన సన్నటి దారి. ఆ వేళకు అక్కడ జానెడు నీళ్లు కూడా ఉండవు. అయినా పరుగులో ఉన్న పడవకు అరచేతి లోతు చాలు, తేలిపోతుంది. ఆగిన పడవకు మోకాలి లోతు కావాలి. అందుకే తిప్ప మీద ఏం జరిగినా ఆగకూడదు. ఆ ఊళ్లో పిల్లలకు ఈత కన్నా ముందు నేర్పేది ఇదే.

జడ్జిగారు దూది పెట్టుకుని, టోపీ కప్పుకుని, ముందు భాగంలో పడుకున్నాడు. తాత పడవను పరుగులోకి తెచ్చాడు. కొరిన్ తట్టింది. ఒకసారి. రెండుసార్లు. కొయ్యలు పాలలోంచి లేచినట్టు ఒక్కొక్కటే లేచి పక్కనుంచి పోతున్నాయి. నేల ఎక్కడో, ఆకాశం ఎక్కడో తెలియకపోవడంతో పడవ ముందుకు పోతున్నట్టు కాక, కొయ్యలే తమ మీదకి వస్తున్నట్టు ఉంది.

అప్పుడు ఆమె మనిషిని చూసింది.

దారికి సరిగ్గా మధ్యలో నిలబడి ఉన్నాడు. మడమలు మునిగేంత నీళ్లలో, చేపలు పట్టేవాళ్ల వెడల్పాటి టోపీ పెట్టుకుని. కుడిచెయ్యి సగం పైకెత్తి ఉంది. పలకరించడానికో, ఆపడానికో తెలియలేదు. కింద నీళ్లలో ఆయన నీడ లేదు. కొయ్యలన్నిటికీ నీడలున్నాయి. ఇవన్నీ ఆమె చూసింది, లెక్కపెట్టినట్టు చూసింది. పడవ ముక్కు సూటిగా ఆయన ఛాతీ మీదకి పోతోంది.

"ఆగు తాతా! మనిషి! ఆగు!"

ఆ గొంతు తనదని ఆమెకు వెంటనే తెలియలేదు. తాత ఇంజను కట్టేశాడు.

పడవ ముక్కు దించుకుంది, బురదలో నిట్టూర్పులాంటి చప్పుడుతో కూర్చుంది. వెనకనుంచి తమ అలే వచ్చి పడవను ఒకసారి ఎత్తి, ఇంకా లోతుగా దించి, ముందుకు పోయింది. ఆ అల పోతూ పోతూ ఎక్కడా ఎవరి కాళ్లకూ తగల్లేదు. దారి మీద ఎవరూ లేరు. రెండు వరుసల కొయ్యలు, వాటి మధ్య పాలరంగు.

జడ్జిగారు టోపీ తీసి లేచి కూర్చున్నాడు, చెవుల్లో దూది లాగాడు. "ఏమైంది?"

"ఆపాను," అన్నాడు తాత.

"ఎందుకు?"

"ఆపాను జడ్జిగారూ. అంతే. పోటు వచ్చేదాకా కూర్చోవాలి. ఇంకో రొట్టె తింటారా?"

జడ్జిగారు తాత ముఖంలోకి, తర్వాత చుట్టూ ఉన్న బురద వైపు చూశాడు. "వయసు మీద పడుతోంది కెప్టెన్. ఇద్దరికీ," అన్నాడు మర్యాదగా. రొట్టె అందుకున్నాడు.

తాత రేడియో తీసి రాయిస్‌ను పిలిచాడు. సారా తిప్ప మీద కూర్చున్నామని, అందరూ క్షేమమని, ఏడింటికి నీళ్లు వస్తాయని చెప్పాడు. అఖాతంలో ఉన్న గైడ్లందరి రేడియోల్లో ఆ మాట వినబడుతుంది. తర్వాత ఎవరో రేడియో మీట నొక్కి, ఏమీ అనకుండానే వదిలేశారు.

పడవ చుట్టూ నీళ్లు పూర్తిగా పోయాయి. బురదలో చిన్న చిన్న రంధ్రాలు తెరుచుకుని టిక్‌టిక్‌మన్నాయి. జడ్జిగారు పుస్తకం తీశాడు. తాత, కొరిన్ వెనక మంచె అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నారు.

"ఎలా ఉన్నాడు?" అన్నాడు తాత, పెదవులు కదిలీ కదలనట్టు.

"ఎవరు?"

"వెడల్పు టోపీయా?"

కొరిన్ ఆయన వైపు తిరిగింది. "ఊఁ."

"చెయ్యి ఎత్తాడా?"

"ఎత్తాడు. సగం."

తాత తల పంకించాడు, తెలిసినవాళ్ల యోగక్షేమం విన్నట్టు. "చాలా ఏళ్ల నుంచి నిలబడుతున్నాడు. కళ్లు బాగున్నప్పటి నుంచీ. గాలి లేని రోజున. నేను ప్రతిసారీ అతని మీదుగానే వెళ్తాను."

"మీదుగానా?"

"ఆగితే ఇలా అవుతుందిగా."

"మరి ఇవాళ ఎందుకు ఆగావు తాతా?"

"నువ్వు కేక వేశావు," అన్నాడు. "పుట్టినప్పుడు వేసిందే, మళ్లీ ఇదే. అతను అబద్ధం కావచ్చు, నీ కేక అబద్ధం కాదనుకున్నాను." బురద వైపు ముఖం తిప్పి, "పర్లేదులే. మీ నాన్నకి ఉన్నది ఉన్నట్టు చెబుదువు గాని. దారి నేను తప్పలేదు కదా. అది చాలు," అన్నాడు.

ఆయన అరచెయ్యి ఆమె తల మీద పెట్టాడు. ఆ చెయ్యి తేలికగా ఉంది. మూడు రోజుల్లో మొదటిసారి ఆయన వేళ్లలో బిగువు లేదు.

ఇల్లు చేరేసరికి ఎనిమిది కావొస్తోంది. జడ్జిగారు వరండాలో బూట్లు విప్పుకుంటున్నాడు. వంటగదిలో నానమ్మ, ఎవరికీ ఆకలి లేకపోయినా, నల్ల చిక్కుళ్లు వేడి చేస్తోంది. రాయిస్ ఈసారి కూర్చున్నాడు. నిలబడింది తాత.

"నేను ఇంకో పడవలో తిప్ప అంచుదాకా వచ్చి చూశాను," అన్నాడు రాయిస్. కోప్పడడం లేదు, అందుకే కొరిన్‌కి భయమేసింది. "పడవ రెండు వరుసలకీ సరిగ్గా నడుమన కూర్చుంది. అటు అడుగు లేదు, ఇటు అడుగు లేదు. ఇంకో నిమిషం పోనిస్తే దాటేసేవాడివి. సారా తిప్ప మీద ఇంజను కట్టేసే మనిషి ఈ భూమ్మీద లేడు నాన్నా. ఎందుకు ఆపావు?"

"ఆపాను," అన్నాడు తాత. ముఖం పక్కకు తిప్పాడు, కొరిన్ కనబడేలా.

"ఏమైనా కనిపించిందా?"

తాత కొరిన్ వైపు చూస్తూనే ఉన్నాడు. నానమ్మ చిక్కుళ్లు కలపడం ఆపింది.

రాయిస్ కుర్చీలో తిరిగాడు. "కొరిన్. నువ్వు వెనకాలే ఉన్నావుగా. తిప్ప మీద ఏమైనా ఉందా? కొయ్య విరిగి పడిందా, ఎవరైనా పడవ అడ్డం వచ్చారా?"

చెప్పాల్సింది ఒక్క ముక్కే. కేక వేసింది నేను. ఆ ముక్క చెబితే తాళంచెవి తాత జేబులోనే ఉంటుంది. రేపు పొద్దున ఇంకెవరో ఆ పడవ ముందు భాగంలో కర్ర పట్టుకుని నిలబడతారు, నిద్రపోతారు, వెనక తట్టడానికి తను కూడా ఉండదు. బడి తెరుస్తారు. గాలి లేని రోజున తాత ఎవరి మీదుగానో వెళ్తాడు. ఏదో ఒక రోజు అది నిజం మనిషి అవుతుంది.

"ఏమీ లేదు నాన్నా," అంది.

ఆ మాట వరండాలో జడ్జిగారికి కూడా వినబడేంత స్పష్టంగా వచ్చింది. అది నిజమే. అక్కడ ఏమీ లేదు.

తాత అలాగే నిలబడ్డాడు. ఆమె ఇంకేమైనా అంటుందేమోనని ఆగినట్టున్నాడు. నానమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తోందో ఊపిరి పీల్చుకుంటోందో తెలియలేదు. కాసేపటికి తాత జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. మునిగిపోకుండా దానికి కట్టిన బెండు ముక్క రంగు వెలిసి ఉంది. రాయిస్ అందుకోవడానికి చెయ్యి చాచాడు. తాత అది చూడక బల్ల మీద వెతికి, చిక్కుళ్ల గిన్నె పక్కన ఖాళీ చూసుకుని అక్కడ పెట్టాడు. గోడ పట్టుకోకుండా తన గది వైపు నడిచాడు.

వరండాలోంచి జడ్జిగారు లోపలికి వచ్చాడు. వచ్చే మార్చి సంగతి రాయిస్‌తో మెల్లగా మాట్లాడుతున్నాడు. ఇద్దరి గొంతులూ, చావింట్లో మాట్లాడుకునే గొంతుల్లా, మర్యాదగా ఉన్నాయి.

కొరిన్ కాఫీ కప్పులో పోసి తాత గది దగ్గరికి వెళ్లింది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, దీపం వేసుకోలేదు. అడుగుల చప్పుడు విని లేచి గడపదాకా వచ్చాడు.

"కాఫీ తాతా."

తీసుకున్నాడు. వేళ్లతో అంచు వెతుక్కుని ఒక గుక్క తాగాడు. ఆమెకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. బడి సంగతి, నిద్రపోయే జడ్జిగారి సంగతి, పడవ ముక్కు ఆ ఛాతీ మీదకి పోయిన తీరు. ఏదీ నోటికి రాలేదు. వంటగదిలో పలికిన గొంతు మళ్లీ ఎక్కడికో పోయింది.

"మీ నాన్నా, నానమ్మా, ఆ డాక్టరూ ఒక మాట మీద ఉన్నారని తెలుసు," అన్నాడు తాత. కోపం లేదు, ఎవరి గురించో చెబుతున్నట్టు అన్నాడు. "అందులో నువ్వు లేవనుకున్నాను."

"తాతా..."

ఆయన ఆమె కోసం కాసేపు ఆగాడు. తర్వాత తలుపు అంచు చేత్తో వెతికి పట్టుకుని, ఆమె వేళ్లు అక్కడ లేవని తడిమి చూసుకుని, తలుపు మూసేశాడు.